ముందు దారం, ఆఖరున రాడ్

సముద్రంలో గాలపు వేట కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దుకాణంలో అడుగు పెట్టగానే చేసే పని దాదాపు ఒకటే. గోడకి ఆనించిన రాడ్లలో ఒకటి చేతిలోకి తీసుకుని, కొస పట్టుకుని వంచి చూస్తారు. నేనూ అదే చేశాను. బిగుతుగా, బరువుగా, చూడగానే పెద్ద చేప కోసమే పుట్టినట్టున్న రాడ్ ఎంచుకున్నాను. దానికి తగిన రీలు అడిగితే కొట్టతను ఉన్నవాటిలోకెల్లా పెద్దది తీసి బల్ల మీద పెట్టాడు. దారం సంగతి బిల్లు రాసేటప్పుడు గుర్తొచ్చింది. ఏదో ఒకటి చుట్టి ఇచ్చారు. అది ఎన్ని పౌండ్లదో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఆ రోజు నేను కొన్న వరసే తప్పు. ముందు ఏ చేపకి వెళ్తున్నామో తేల్చుకోవాలి. చేపని బట్టి దారం, దారాన్ని బట్టి రీలు, ఆ రెండిటినీ మోయగల రాడ్ ఆఖరున. ఈ వరసలో కొన్నవాడికి తక్కువ డబ్బుతోనే సరైన సామాను అమరుతుంది. తలకిందులుగా కొన్నవాడు ఒక్కొక్కటే మళ్ళీ కొనుక్కుంటూ పోతాడు. నాకు అలా మూడేళ్ళు పట్టింది కాబట్టి, మీకు ఆ మూడేళ్ళు మిగలాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

మొదట ఒక మాట తేటపరచాలి. ఇక్కడ చెప్పే వేట ట్రోలింగ్. ట్రోలింగ్‌నీ ట్రాలింగ్‌నీ చాలామంది ఒకటే అనుకుంటారు. ట్రాలింగ్ అంటే మరపడవ పెద్ద సంచీ లాంటి వలని నీళ్ళలో ఈడ్చుకుంటూ పోవడం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కనిపించే పెద్ద బోట్లు చేసేది అది. ట్రోలింగ్‌లో వల ఉండదు. బోటు నెమ్మదిగా నడుస్తూ ఉంటే వెనక ముప్ఫై నలభై మీటర్ల దూరంలో ఎరో, ఎర ఆకారంలో చేసిన బొమ్మచేపో ఈదుకుంటూ వస్తుంది. గాలానికి ఒక చేప. నచ్చకపోతే వదిలేసే వీలుంది.

ఇక చేపల సంగతి. ఉత్తరాంధ్ర తీరంలో ట్రోలింగ్‌కి తగిలేవాటిలో ముఖ్యమైనవి మూడు. వంజరం ఒకటి. వేగంగా వచ్చి ఎరని కొరికి తెంపుతుంది, పళ్ళు కత్తెరలాంటివి. సూర రెండోది. చిన్న సూరలు మూడు నాలుగు కిలోలుంటాయి గానీ, పసుపు రెక్కల సూర పది కిలోల నుంచి నలభై దాకా దొరకవచ్చు. గాలం తగలగానే నేరుగా లోతుకి దిగిపోతుంది, ఎంతకీ అలసిపోదు. మూడోది కొమ్ముకోనాం. నీళ్ళ పైకి ఎగురుతుంది, ఒక్క ఊపులో వంద మీటర్లకి పైగా దారం లాగేస్తుంది. మూడు చేపలకీ మూడు స్వభావాలు. అయినా మన దగ్గర ఈ మూడిటికీ చాలామటుకు ఒకే తరగతి సామాను సరిపోతుంది. అది 30 పౌండ్ల తరగతి.

పౌండ్ల లెక్క ఎందుకంటే, ఈ సామాను మీద ప్రపంచమంతా రాసేది అలాగే. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం రికార్డుల కోసం దారాలని తరగతులుగా విడదీసింది. వాటిలో పెద్దవి 20, 30, 50, 80, 130 పౌండ్లు. కిలోల్లో కాస్త పైకి సర్ది 10, 15, 24, 37, 60 అని పిలుస్తారు. రాడ్ల మీదా రీళ్ళ మీదా కనిపించే అంకెలకి మూలం ఇదే. రీలు మీద '30' అని ఉంటే 30 పౌండ్ల దారం తగినంత పట్టేలా, ఆ దారానికి తగిన బిగింపు ఇచ్చేలా చేశారన్నమాట. అంటే రీలు పేరే దారం పేరు. దారం ముందు అని నేను అంటున్నది అందుకే.

ఇక్కడ ప్రతివాడికీ ఒక అనుమానం వస్తుంది. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలు. అంత దారంతో నలభై కిలోల చేపని ఎలా లాగుతాం? జవాబు తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. నీళ్ళలో చేప బరువు దారం మీద పడదు. పడేది దాని లాగుడు మాత్రమే. ఆ లాగుడు ఒక హద్దు దాటగానే రీలు దారం వదిలేస్తుంది. ఆ హద్దు నాలుగు కిలోలకి పెట్టుకుంటే, నలభై కిలోల చేపైనా దారం మీద మోపగలిగేది నాలుగు కిలోలే. మిగిలిన బలమంతా పరుగులో ఖర్చుపెట్టుకుని అలసిపోవాలి. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే ఆయన 1,560 పౌండ్ల నల్ల మార్లిన్‌ని, అంటే 700 కిలోలు దాటిన చేపని, రాడ్‌తో పట్టాడు. అంత బరువుని నేరుగా మోసే దారమైతే అది ఓడని కట్టే మోకు అవుతుంది.

దారం

మన దగ్గర నైలాన్ దారాన్ని తంగూసు అంటాం. ఒంటిపోగు, గాజులా ఉంటుంది. రెండో రకం బ్రెయిడ్. సన్నని పాలిథిలిన్ పోగుల్ని జడలా అల్లి చేస్తారు. ఇప్పుడు అందరూ బ్రెయిడ్ అంటున్నారు. అదే బలం గల తంగూసుతో పోలిస్తే ఎంతో సన్నం కాబట్టి రీలులో రెట్టింపు పడుతుంది, నీటిని తేలిగ్గా కోసుకుపోతుంది, ముక్కు కింద పలక ఉండి లోతుకి మునిగే బొమ్మచేపల్ని ఇంకా లోతుకి దింపుతుంది. ఇవన్నీ నిజమే.

అయినా మొదటిసారి కొనేవాళ్ళకి నేను తంగూసే చెప్తాను. అది సాగుతుంది. వంద మీటర్ల దారం బయట ఉంటే మెత్తని స్ప్రింగు పట్టుకున్నట్టే. పదికిలోమీటర్ల వేగంతో నడిచే బోటు నుంచి ఎర వేలాడుతుంటే, ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వంజరం వచ్చి తగులుతుంది. ఆ మొదటి కుదుపుని సగం తంగూసే మింగేస్తుంది. బ్రెయిడ్ దాదాపు సాగదు. ఆ కుదుపంతా గాలం పట్టిన పెదవి మీద, ముడి మీద, మీ భుజం మీద పడుతుంది. పెదవి చిరిగి చేప పోతుంది. పైగా పరుగెత్తే బ్రెయిడ్ వేళ్ళకి తగిలితే కత్తిలా కోస్తుంది. ఇద్దరు ముగ్గురం ఇరుగ్గా నిలబడే ఫైబర్ బోటులో అది చిన్న సంగతి కాదు.

బ్రెయిడ్ వాడి తీరాలనుకుంటే, అడుగున బ్రెయిడ్ చుట్టి పైన డెబ్భై ఎనభై మీటర్ల తంగూసు కలపండి. అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కువగా చేసేది ఇదే. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఇరుసుకి నేరుగా బ్రెయిడ్ కడితే చుట్ట మొత్తం జారి గిరగిరా తిరుగుతుంది. అందుకని ముందు కొన్ని చుట్లు తంగూసు వేయాలి. తర్వాత, చుట్టేటప్పుడు తడిగుడ్డతో గట్టిగా బిగించి పట్టుకోవాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ మీద పెద్ద చేప లాగిందా, పై చుట్టు కింది చుట్లలోకి దిగబడి ఇరుక్కుంటుంది. ఇక దారం కదలదు, తెగడమే.

కొనేటప్పుడు డబ్బా మీద అంకె ఒక్కటే చూడకండి. మామూలు తంగూసు మీద 30 అని ఉంటే 30 దాకా తెగదని అర్థం. నిజానికి చాలా వాటిలో 35 పౌండ్ల దాకా ఆగేవి ఉంటాయి. రికార్డుల కోసం, పోటీల కోసం చేసే దారం మీద 30 అని ఉంటే అది ఆ తరగతి హద్దు, అంటే 15 కిలోలు, దాటకుండానే తెగుతుందని అర్థం. ఒకే అంకెకి రెండు అర్థాలు. మనకి మామూలుదే చాలు. ఇంకో సంగతి, నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది. తడిసిన తంగూసు పొడిదానికన్నా కొంత బలహీనం. ముడి వేసిన చోట ఇంకా బలహీనం. కాబట్టి 30 తరగతి రీలుకి నేను 40 పౌండ్ల తంగూసు చుట్టిస్తాను. పొడవు కొంత తగ్గుతుంది, గుండె ధైర్యం పెరుగుతుంది.

ఎండకీ ఉప్పుకీ తంగూసు ఏడాదిలో ముసలిదవుతుంది. ప్రతి వేట తర్వాత మొదటి యాభై మీటర్లని బొటనవేలు గోరుకీ చూపుడువేలికీ మధ్య నుంచి మెల్లగా లాగి చూడండి. ఎక్కడైనా గరుగ్గా తగిలితే అక్కడికి కోసేయండి. గోరుకి తెలిసేంత గాటు ఉందంటే సూరకి అది తెగే చోటే.

రీలు, అంటే చెయ్యి

మా సరంగు తాతకి రీలు అంటే ఏమిటో తెలియకముందే సూరల వేట తెలుసు. చేత్తో దారం వదిలి సూరల్ని పట్టినవాడు. వేళ్ళకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కునేవాడట. చేప పరుగెడితే ఆ రబ్బరు మీద నుంచి దారం జారనిస్తాడు. ఆగితే గుప్పిట మూస్తాడు. ఒకసారి ఆయన చేత్తోనే నాకు చూపించాడు. దారం రెండో కొస నేను పట్టుకుని లాగుతుంటే, ఆయన పిడికిట్లోంచి అది ఒక్క కుదుపు లేకుండా, ఎంత లాగితే అంత, నూనెలోంచి వస్తున్నట్టు వచ్చింది. నేను ఉన్నట్టుండి ఆగితే పట్టు అక్కడే నిలిచింది. రీలులో 'డ్రాగ్' అని పిలిచే బిగింపు ఆ పిడికిలికి మారుపేరు. రీలు కొంటున్నామంటే మనం డబ్బు పెడుతున్నది ఆ పిడికిలికే. పళ్ళచక్రాలు, బంగారు రంగు పూత, చేతిపిడి సోకు, అన్నీ దాని తర్వాతే.

ఆ పిడికిలి రీళ్ళకి ఆలస్యంగానే వచ్చింది. 1898లో కాలిఫోర్నియాకి ఎదురుగా ఉన్న కాటలీనా దీవి దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల సూరని పట్టి, ఆ ఏడే అక్కడ ట్యూనా క్లబ్ పెట్టాడు. అప్పటి రీళ్ళకి తోలుముక్కని బొటనవేలితో చుట్ట మీద నొక్కి పట్టడమే బ్రేకు. చేప పరుగెడితే చేతిపిడి వెనక్కి గిరగిరా తిరిగి వేళ్ళు విరిచేది. 1913 నాటికి అదే దీవిలో వేటాడే విలియం బోషెన్ ఆలోచనని జూలియస్ వామ్ హోఫ్ అనే రీళ్ళ పనివాడు రూపానికి తెచ్చాడు. చేతిపిడి కదలకుండా ఉండగానే చుట్ట దారం వదులుతుంది, పక్కనున్న నక్షత్రం ఆకారపు చక్రం తిప్పితే బిగుసుకుంటుంది. ఆ ఏడే బోషెన్ కత్తిచేపని ఒడ్డుకి తెచ్చాడు. ఇప్పటికీ దుకాణంలో 'స్టార్ డ్రాగ్' అంటే ఆ నక్షత్రమే.

రెండో రకం లివర్ డ్రాగ్. పక్కన చిన్న మీట ఉంటుంది. వెనక్కి 'ఫ్రీ', మధ్యలో 'స్ట్రైక్', చివర 'ఫుల్'. ట్రోలింగ్‌కి నా ఓటు నిస్సందేహంగా దీనికే. నక్షత్రాన్ని ఎంత తిప్పానో చేప మీద ఉన్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. మీట ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది. ఒడ్డున తూచి పెట్టుకున్న బిగింపుకి ఎప్పుడు కావాలంటే అప్పుడు సరిగ్గా తిరిగి రావచ్చు.

ఇది నాకెందుకింత పట్టింపో చెప్పాలి. డిసెంబరులో ఒక ఉదయం, డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి సన్నగా కనిపిస్తున్న దూరంలో, నాకు మొదటి పెద్ద సూర తగిలింది. రీలు కిర్రుమంది. దారం పోతూనే ఉంది. చుట్ట సన్నబడుతుంటే లోపలి ఇరుసు రంగు కనిపించేసింది. నా గుండె ఆగినంత పనైంది. దాన్ని ఆపాలని బిగింపు పెంచేశాను. తాత వెనక నుంచి అరిచాడు, "ఒగ్గీండి బాబూ, ఒగ్గీండి! పరిగెట్టనీండి!" అరుపు పూర్తయ్యేలోగా దారం తెగి మొహం మీదికి వచ్చి పడింది.

కొట్టతను మోసం చేయలేదు, దారం చెడ్డదీ కాదు. తెంపింది నేనే. అప్పటికి నాకు తెలియని లెక్క ఒకటుంది. బిగింపు ఇరుసు మీద పనిచేస్తుంది. దారం మాత్రం చుట్ట అంచు నుంచి లాగుతుంది. చుట్ట నిండుగా ఉన్నప్పుడు దాని అడ్డుకొలత 9 సెంటీమీటర్లు, బిగింపు 4 కిలోలు అనుకోండి. దారం పోయి చుట్ట 6 సెంటీమీటర్లకి వచ్చేసరికి, మీరు మీటని ముట్టుకోకపోయినా, దారం మీద లాగుడు 6 కిలోలవుతుంది. నాలుగున్నరకి వస్తే 8 కిలోలు. దీనికి తోడు బయట వందల మీటర్ల దారం నీళ్ళలో విల్లులా వంగి ఈడ్చుకుపోతోంది, ఆ బరువు వేరే. తెగడానికి అర అడుగు దూరంలో ఉన్న దారాన్ని నేను ఇంకా బిగించాను. చేయాల్సింది సరిగ్గా దానికి ఎదురు. చుట్ట సగం ఖాళీ అయిందంటే మీట వెనక్కి జరపాలి, బోటుని చేప వైపు తిప్పమనాలి.

భయం బిగించమంటుంది. అందుకే బిగింపు ఎంత ఉండాలన్న నిర్ణయం చేప తగలక ముందే, ఒడ్డున, నిమ్మళంగా ఉన్నప్పుడే తీసుకోవాలి. మీట రీలు ఆ నిర్ణయాన్ని మీ తరఫున దాచిపెడుతుంది.

కొనేటప్పుడు రీలులో చూడాల్సినవి మరికొన్ని. 30 తరగతి రీలు 30 పౌండ్ల తంగూసు అర కిలోమీటరుకి తగ్గకుండా పట్టాలి. చట్రం అల్యూమినియందై ఉండాలి. ప్లాస్టిక్ కలిసిన చట్రం పెద్ద లాగుడుకి మెలి తిరిగి చుట్ట రాసుకుంటుంది. రెండు వేగాల రీలైతే మరీ మంచిది. పై గేరులో పిడి ఒక చుట్టు తిప్పితే ఇరుసు సుమారు మూడు చుట్లు తిరుగుతుంది, చేప మీ వైపు వస్తున్నప్పుడు దారం వదులు కాకుండా పనికొస్తుంది. సూర కింద రాయిలా నిలబడిపోయినప్పుడు కింది గేరు వేసుకుంటే జానెడు జానెడుగా ఎత్తవచ్చు. వృద్ధులకీ, నడుము నొప్పి ఉన్నవాళ్ళకీ ఆ కింది గేరు ప్రాణం. పెన్, షిమానో లాంటి పాత పేర్లవి సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా నేను వెనకాడను, విడిభాగాలు దొరుకుతాయి కాబట్టి. ఒక్క పరీక్ష మాత్రం చేయండి. మీట కొద్దిగా బిగించి దారాన్ని చాలా నెమ్మదిగా లాగండి. తాత పిడికిలిలా జారాలి. ఆగి, ఊడి, ఆగి, ఊడి వస్తుంటే ఆ రీలు వద్దు. ఆ చిన్న కుదుపు దగ్గరే సన్నదారాలు తెగుతాయి.

వంద రూపాయలుంటే యాభై రీలుకి పెట్టండి. పాతిక రాడ్‌కి. మిగతా పాతికలో దారం, చిల్లర సామాను, ఒక కాటా.

రాడ్

రాడ్ గురించి తక్కువే చెప్తాను. రీలు మీదున్న అంకె రాడ్ మీద రాసిన హద్దుల మధ్య పడాలి. 30 దారానికి '20-40' గానీ '30-50' గానీ రాసున్నది. ఐదున్నర నుంచి ఆరున్నర అడుగులు. ఒడ్డు మీద నుంచి విసిరే పది పన్నెండు అడుగుల రాడ్ బోటులో పనికిరాదు. పొడుగు రాడ్ కొస చేప చేతిలో ఉన్న గునపం లాంటిది, మీటేది అది, మీరు కాదు. పొట్టి రాడ్‌తో అదే చేప సగం బరువు తూగినట్టుంటుంది.

కార్బన్‌ది తేలిక, చేతికి హాయిగా ఉంటుంది, కానీ బోటు అంచుకి ఒకసారి గట్టిగా తగిలిన చోట లోపల చిట్లి, ఆ తర్వాత ఎప్పుడో చేప మీద పటుక్కుమంటుంది. ఫైబర్‌గ్లాస్‌ది బరువు, మొద్దు, చావదు. మన బోట్లలో రాడ్లు వలల మీదా, ఐసుపెట్టెల కిందా పడుంటాయి. గ్లాస్ తీసుకోండి. దారం నడిచే వలయాలు పింగాణీ లోపలి అంచు ఉన్నవి 30 తరగతికి చాలు. గిలకల వలయాలు గొప్పవే, కానీ వాటికి నెలనెలా నూనె పెట్టాలి. తిరగని గిలక మామూలు వలయం కన్నా చెడ్డది. పాత రాడ్ కొంటే ప్రతి వలయంలోంచి కాస్త దూది తిప్పి చూడండి. పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ కంటికి కనపడని పగులు ఉంది, అది మీ దారాన్ని మీటరు మీటరుకీ గీరుతుంది.

రాడ్ అడుగున ఇనుప కొసకి గాడి ఉండాలి, నడుముకి కట్టుకునే బెల్టు గిన్నెలో కూర్చుని పక్కకి తిరగకుండా. ఇంకోటి, రాడ్‌ని బోటుకి గుచ్చే గొట్టం గట్టిదా కాదా అని ముందే ఊపి చూడండి. రీలు పైనున్న కొక్కేనికి ఒక తాడు కట్టి బోటుకి ముడేయండి. రాడ్, రీలు, చేప మూడూ కలిసి సముద్రంలోకి పోయిన బోట్లు ఉన్నాయి.

అండమాన్‌లో స్థిరపడ్డ బంధువుల దగ్గరకి విశాఖ నుంచి ఓడెక్కి వెళ్ళేవాళ్ళు మనలో చాలామంది. అక్కడ పగడపు దిబ్బల పక్క వేటకి ఈ 30 తరగతి చాలదు, చేపని రాళ్ళలోకి పోనివ్వకుండా ఆపాలి కాబట్టి 50 కావాలి. ఇక్కడ మాత్రం 50కి తొందరపడకండి. బరువు సామాను చేత చిన్న చేపలన్నీ ఈడ్చిన గోనెసంచుల్లా వస్తాయి, చేతులు మాత్రం లాగేస్తాయి.

చివరి రెండు మీటర్లు

దారం చివర బంతులున్న స్వివెల్ తప్పనిసరి, లేకపోతే బొమ్మచేప తిరిగిన ప్రతి తిప్పూ తంగూసులోకి మెలికై ఎక్కుతుంది. స్వివెల్ తర్వాత మందపాటి లీడరు. సూరకి, కొమ్ముకోనాంకి 80 పౌండ్ల తంగూసు రెండు మూడు మీటర్లు. వంజరానికి ఆఖరి జానెడు తీగ వేయాల్సిందే. తీగ చూస్తే సూర అనుమానపడుతుంది, తీగ లేకపోతే వంజరం కొరికేస్తుంది. అందుకే రెండు సెట్లు కొనండి, ఒకటి తీగతో, ఒకటి తీగ లేకుండా.

కాటా

ఈ అధ్యాయంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. కూరగాయల బండి వాళ్ళ దగ్గర ఉండే వేలాడే స్ప్రింగు కాటా కొనండి, లేదా సామాను తూచే డిజిటల్‌ది. వేటకి ముందు రోజు సాయంత్రం గేటు కమ్మీకి కాటా తగిలించండి. రాడ్‌లో రీలు బిగించి, దారం అన్ని వలయాల్లోంచి తీసి కాటా కొక్కేనికి ముడేయండి. పది అడుగులు వెనక్కి నడవండి. మీట 'ఫ్రీ'లో ఉండగానే పక్కనున్న చిన్న మరని సర్దాలి, బిగించి ఉండగా తిప్పితే లోపలి పలకలు పాడవుతాయి. ఇప్పుడు మీట 'స్ట్రైక్'కి తెచ్చి, రాడ్ చేప మీద ఉన్నట్టు పైకి వంచి, మెల్లగా వెనక్కి నడవండి. దారం ఊడి రావడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపిస్తుందో పక్కన ఇంకొకరిని చదవమనండి. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. "మూడున్నర నాన్నా... నాలుగు... ముల్లు ఆగింది" అని చెప్తుంది.

30 పౌండ్ల దారానికి నాలుగు కిలోలు, అంటే మూడో వంతుకి కాస్త తక్కువ. తెగే బలంలో పావు నుంచి మూడో వంతు లోపు ఎక్కడ పెట్టుకున్నా మంచిదే. 40 చుట్టుకున్నా నేను నాలుగు దాటను. కొమ్ముకోనాం కోసమైతే మూడుకి దించుతాను. తర్వాత మీట 'ఫుల్'కి జరిపి అదీ చదవండి, ఆ అంకె తెలియకుండా సముద్రంలో ఫుల్ ముట్టుకోవద్దు. మళ్ళీ 'ఫ్రీ'కి తెస్తే చుట్ట స్వేచ్ఛగా తిరగాలి. రెండు అంకెల్నీ తేదీతో పాటు తెల్ల ప్లాస్టరు మీద రాసి రాడ్ పిడికి అంటించండి. తర్వాత ఒక డిసెంబరులో నాకు ఇంకో సూర తగిలినప్పుడు, చుట్ట సన్నబడుతుంటే నేను చూసింది సముద్రాన్ని కాదు, ఆ ప్లాస్టరునే. వేలు మీటని కాస్త వెనక్కి జరిపింది. తాత ఈసారి ఏమీ అనలేదు. నలభై నిమిషాల తర్వాత చేప బోటు పక్కన గుండ్రాలు తిరిగింది.

తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్ల వేట నిషేధం. సామాను విప్పి శుభ్రం చేసుకోవడానికి, పాత తంగూసు తీసి కొత్తది చుట్టించుకోవడానికి ఆ రెండు నెలలూ సరైన కాలం.

మిగతా రోజుల్లో, ఇంటికి రాగానే స్నానం కన్నా ముందు రీళ్ళ సంగతి చూడండి. మీట బిగించి, పైపుతో చిమ్మకుండా, మొక్కలకి నీళ్ళు చల్లినట్టు మంచినీళ్ళు పోయండి. ఒత్తిడితో చిమ్మితే ఉప్పు లోపలికే వెళ్తుంది. వలయాల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడవండి. నీడలో ఆరనిచ్చాక, బిగింపు పలకలు ఒకదానికొకటి అంటుకుపోకుండా మీట వెనక్కి లాగండి. పడుకునే ముందు అది 'ఫ్రీ'లో ఉందో లేదో ఇంకోసారి వేలితో తడిమి చూసుకోండి.